ఐఎస్‌ఎల్ 2021-22: హైదరాబాద్ కప్పు గెలిచిన సీజన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఎనిమిదో సీజన్ ముగిసి ఏళ్లు గడిచాయి. అయినా హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మన జట్టు నిజంగానే ఛాంపియనా, అలాగైతే లీగ్ దశలో అగ్రస్థానానికిచ్చే షీల్డ్ జంషెడ్‌పూర్‌కు ఎందుకు వెళ్లింది, మ్యాచులన్నీ గోవాలోనే ఎందుకు ఆడారు, ఆ జట్టు ఇప్పుడు ఏమైంది? అలాంటివన్నీ సీజన్ నడిచిన క్రమంలో ఇక్కడ ఒకచోట చేర్చాను. దేశ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో టైటిల్ గెలిచిన తెలుగు నేల క్లబ్ ఇదొక్కటే. ఆ విజయం వివరాలు చెదిరిపోకుండా మన భాషలో ఉండాలన్నది నా కోరిక. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## సీజన్ మొదలుకాక ముందు

ఐఎస్‌ఎల్ దేశంలో అగ్రశ్రేణి లీగేనా? ఐ-లీగ్ కదా అసలైనది?

ఒకప్పుడు ఐ-లీగే. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు అది రెండు మూడు నెలల పోటీ మాత్రమే. జాతీయ ఛాంపియన్ ఎవరంటే ఐ-లీగ్ విజేత పేరే చెప్పేవారు. తర్వాత కొంతకాలం రెండూ పక్కపక్కనే నడిచాయి. 2019-20 నుంచి ఐఎస్‌ఎల్‌కు అగ్రశ్రేణి హోదా దక్కింది, ఐ-లీగ్ రెండో శ్రేణి అయింది. కాబట్టి 2021-22లో హైదరాబాద్ గెలిచింది దేశంలోని అత్యున్నత స్థాయి లీగ్ కప్పునే. ఆ ఏడాది ఐ-లీగ్‌ను గోకులం కేరళ గెలుచుకుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఎప్పుడు పుట్టింది?

2019 ఆగస్టులో. అంతవరకు లీగ్‌లో ఉన్న పుణె సిటీ క్లబ్ తప్పుకోవడంతో ఆ స్థానంలో హైదరాబాద్ వచ్చింది. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత మైదానం. వరుణ్ త్రిపురనేని, విజయ్ మద్దూరి యజమానులుగా ముందు నిలిచారు. నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరారు. మొదటి సీజన్ చాలా కష్టంగా గడిచింది: 18 మ్యాచుల్లో రెండే విజయాలు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. ఆ జట్టే రెండేళ్లు తిరిగేసరికి ఛాంపియన్ అయింది.

క్రికెట్ ఊరు కదా, హైదరాబాద్‌కు ఫుట్‌బాల్‌తో ఏమిటి సంబంధం?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా బాధగా ఉంటుంది. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అతి గొప్ప కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాదీ. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ బిడ్డ. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఇక్కడి నుంచే కోల్‌కతా మైదానాలకు వెళ్లి పేరు తెచ్చుకున్నారు.

రహీమ్ 1963లో కన్నుమూశారు. ఆ తర్వాత దశాబ్దాలు గడిచేకొద్దీ నగరంలో ఈ ఆట వెనకబడింది. 2022లో వచ్చిన కప్పును చూసి పాతతరం వాళ్లు అంతగా కదిలిపోయారంటే కారణం అదే.

మొత్తం ఎన్ని జట్లు ఆడాయి, ఎన్ని మ్యాచులు జరిగాయి?

పదకొండు జట్లు. ప్రతి జట్టు మిగతా పదింటితో రెండేసి సార్లు తలపడింది. అంటే ఒక్కో జట్టుకు 20 మ్యాచులు, లీగ్ దశలో మొత్తం 110. తొలి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు సెమీఫైనల్‌కు వెళ్లాయి. రెండు సెమీస్ రెండేసి అంచెల్లో, ఆపైన ఒకే ఒక్క ఫైనల్. అన్నీ కలిపి 115 మ్యాచులు. సీజన్ 2021 నవంబరు 19న మొదలై 2022 మార్చి 20న ముగిసింది.

మ్యాచులన్నీ గోవాలోనే ఎందుకు జరిగాయి?

కోవిడ్ వల్ల. పదకొండు జట్లు దేశమంతా తిరుగుతూ ఆడితే ఆటగాళ్లను కాపాడటం సాధ్యం కాదని నిర్వాహకులు మొత్తం సీజన్‌ను గోవాకే పరిమితం చేశారు. అంతకు ముందు సీజన్ కూడా అక్కడే జరిగింది. మడ్‌గావ్ దగ్గరి ఫటోర్డాలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, బాంబోలిమ్‌లోని అథ్లెటిక్ స్టేడియం, వాస్కోలోని తిలక్ మైదాన్: ఈ మూడే వేదికలు. జట్లు హోటళ్లలో బయో బబుల్‌లో ఉండేవి. బయటి మనుషులను కలవకుండా, పరీక్షలు చేయించుకుంటూ, గది నుంచి మైదానానికి, మైదానం నుంచి గదికి తిరుగుతూ ఆటగాళ్లు నెలల తరబడి గడిపారు. ఆ సీజన్ ఫలితాలను అంచనా వేసేటప్పుడు ఆ ఒంటరితనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

అంటే హైదరాబాద్ ఆ ఏడాది సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదా?

ఆడలేదు. కాగితం మీద హైదరాబాద్ సొంత వేదిక బాంబోలిమ్. సగం మ్యాచులకు ఆతిథ్య జట్టుగా పేరు వేశారు, కానీ ఖాళీ స్టాండ్ల మధ్యే ఆడారు. తమ నగరం ముందు ఒక్క నిమిషమైనా ఆడకుండా ఆ నగరం కోసం కప్పు గెలిచిన జట్టు అది. గచ్చిబౌలికి జట్టు తిరిగి వచ్చింది 2022-23 సీజన్‌లోనే.

ఆ సీజన్‌లో జట్టుకు ఎంతమంది విదేశీ ఆటగాళ్లను అనుమతించారు?

అప్పుడు ఒక క్లబ్ ఆరుగురు విదేశీయులను తీసుకునే వీలుండేది, వారిలో ఒకరు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య దేశానికి చెందినవారై ఉండాల్సి వచ్చేది. మైదానంలో మాత్రం ఒకే సమయంలో నలుగురికి మించకూడదన్నది నియమం. అంతకు ముందు ఈ పరిమితి ఐదు. దాన్ని నాలుగుకు తగ్గించింది 2021-22 నుంచే. దీనివల్ల తుది పదకొండు మందిలో కనీసం ఏడుగురు భారతీయులు ఉండాల్సి వచ్చింది. మంచి స్వదేశీ ఆటగాళ్లను ముందే పోగుచేసుకున్న క్లబ్‌లకు ఈ మార్పు కలిసొచ్చింది. హైదరాబాద్ అలాంటి క్లబ్.

సీజన్ ముందు హైదరాబాద్ గెలుస్తుందని ఎవరైనా అనుకున్నారా?

బాగా ఆడుతుందని అనుకున్నవారు ఉన్నారు. కప్పు మాట మాత్రం పెద్దగా వినబడలేదు. అంతకు ముందు సీజన్‌లో జట్టు ఐదో స్థానంలో నిలిచింది, గోవాతో చివరి మ్యాచ్ 0-0 డ్రా కావడంతో సెమీస్ అవకాశం చేజారింది. ఆ తర్వాత ముఖ్యులు వెళ్లిపోయారు. గోల్స్ కొట్టిన కెప్టెన్ అరిదానె సంతానా ఒడిశాకు, దూకుడుగా ఆడే లిస్టన్ కొలాసో ఏటీకే మోహన్ బగాన్‌కు మారారు. వారి లోటు తీర్చడానికి వచ్చినవాళ్లలో బార్తలోమ్యూ ఒగ్బెచే, హవియర్ సివేరియో ముఖ్యులు. 37 ఏళ్ల స్ట్రైకర్ మీద ఇంత భారం వేయడం తెలివైన పనేనా అని చాలామంది సందేహించారు.

కోచ్ మనోలో మార్కెజ్ ఎవరు?

స్పెయిన్‌కు చెందిన శిక్షకుడు. అక్కడ లాస్ పాల్మాస్ జట్టుకు పనిచేశారు. 2020లో హైదరాబాద్‌కు వచ్చారు. పేరున్నవారి వెంట పడకుండా చిన్న వయసు భారతీయులను తీసుకుని, తప్పులు చేసినా పక్కన పెట్టకుండా వరుసగా ఆడించడం ఆయన పద్ధతి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు లీగ్‌లోని మంచి ఫుల్‌బ్యాక్‌లుగా (అంచుల్లో ఆడే డిఫెండర్లుగా) ఎదిగింది ఆయన దగ్గరే. నా దృష్టిలో ఆ కప్పుకు అసలు పునాది 2020లో ఆయన చూపిన ఆ ఓపికే. 2024లో ఆయన భారత జట్టు కోచ్ కూడా అయ్యారు.

## లీగ్ దశలో

హైదరాబాద్ ఆరంభం ఎలా సాగింది?

ఓటమితో. తొలి మ్యాచ్‌లో చెన్నయిన్ చేతిలో 0-1తో ఓడింది. వెంటనే డిఫెండింగ్ ఛాంపియన్ ముంబై సిటీని 3-1తో ఓడించి తేరుకుంది. తర్వాత నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌పై 5-1, డిసెంబరు చివర్లో ఒడిశాపై 6-1, జనవరిలో ఈస్ట్ బెంగాల్‌పై 4-0 స్కోర్లు వచ్చాయి. లీగ్ దశ ముగిసేసరికి 43 గోల్స్‌తో అన్ని జట్లకన్నా ముందుంది. ఫిబ్రవరి 23న కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలిచి సెమీస్ చేరుకుంది. క్లబ్ చరిత్రలో అదే మొదటిసారి.

ఒగ్బెచే గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

అంకెలే చెబుతాయి. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవారికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. ఐఎస్‌ఎల్‌లో ఒకే సీజన్‌లో అత్యధిక గోల్స్‌కు అప్పటికున్న రికార్డును, అంటే గోవా తరఫున 2017-18లో కోరో కొట్టిన 18 గోల్స్‌ను, సమం చేశాడు. అదే ఏడాది లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడిగానూ నిలిచాడు. నైజీరియా తరఫున 17 ఏళ్లకే 2002 ప్రపంచకప్ ఆడినవాడు, పారిస్ సాంజెర్మాన్ క్లబ్‌లో మొదలైనవాడు. భారత్‌లో నార్త్‌ఈస్ట్, కేరళ, ముంబై జట్ల తర్వాత హైదరాబాద్ అతడికి నాలుగోది. ముందటి సీజన్‌లో ముంబై సిటీతో కప్పు గెలిచాడు కాబట్టి అతడికి ఇది వరుసగా రెండోది.

అతడి ఆటలో పరుగు తక్కువ, అంచనా ఎక్కువ. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడేవాడు. డిఫెండర్ తిరిగి చూసేలోపే బంతి వలలో ఉండేది.

ఒగ్బెచే లేకపోతే ఆ జట్టు లేదంటారు, నిజమేనా?

అది మిగతావారికి అన్యాయం. గోల్స్‌లో పెద్ద వాటా అతడిదే, నిజం. కానీ ఫైనల్లో గోల్ కొట్టింది సాహిల్ తవోరా. పెనాల్టీ షూటౌట్‌లో గెలిపించింది గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. మధ్యలో బ్రెజిల్‌కు చెందిన కెప్టెన్ జువావో విక్టర్ ఆటను నడిపించాడు, వెనక స్పెయిన్ డిఫెండర్ హువానన్, మణిపూర్‌కు చెందిన చింగ్లెన్‌సనా సింగ్ గోడలా నిలిచారు. మహ్మద్ యాసిర్, అనికేత్ జాధవ్, హాలిచరణ్ నర్జారీ, సౌవిక్ చక్రవర్తి, రోహిత్ దాను లాంటి భారతీయులు సీజన్ పొడవునా ఆడారు. ఈ బృందాన్ని ఒక్కరి జట్టు అనలేం.

జనవరిలో చాలా మ్యాచులు ఎందుకు వాయిదా పడ్డాయి?

2022 జనవరిలో ఒమిక్రాన్ ఉధృతి బయో బబుల్‌లోకీ చొరబడింది. ఏటీకే మోహన్ బగాన్, ఒడిశా జట్ల మధ్య 8వ తేదీన జరగాల్సిన మ్యాచ్‌తో వాయిదాలు మొదలయ్యాయి. కొన్ని జట్లు రోజుల తరబడి గదులకే పరిమితమయ్యాయి, సాధన లేకుండా నేరుగా మ్యాచ్‌కు దిగిన సందర్భాలూ ఉన్నాయి. వాయిదా పడినవన్నీ ఫిబ్రవరి, మార్చి మొదటి వారాల్లో ఇరికించారు. చివర్లో కొన్ని జట్లు అలసిపోయినట్లు కనిపించడానికి అదే కారణం.

కోల్‌కతా డెర్బీలో, అంటే ఆ నగరపు రెండు క్లబ్‌ల పోరులో, హ్యాట్రిక్ కొట్టిన ఆ కుర్రాడు ఎవరు?

కియాన్ నసీరి. జనవరి 29న ఈస్ట్ బెంగాల్‌తో మ్యాచ్‌లో ఏటీకే మోహన్ బగాన్ వెనకబడి ఉన్నప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా దిగి మూడు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ 3-1తో మోహన్ బగాన్‌ది. అప్పటికి అతడి వయసు 21. ఐఎస్‌ఎల్‌లో హ్యాట్రిక్ చేసిన అతి పిన్న వయస్కుడయ్యాడు. అతడి తండ్రి జంషీద్ నసీరి ఇరాన్ నుంచి వచ్చి కోల్‌కతాలో స్థిరపడిన ఒకనాటి మేటి ఫార్వర్డ్. తండ్రి ఈస్ట్ బెంగాల్ అభిమానుల ఆరాధ్యుడు, కొడుకు అదే క్లబ్‌పై హ్యాట్రిక్ చేశాడు. ప్రేక్షకులు లేని మైదానంలో ఇది జరగడం నిజంగా లోటే.

సీజన్ మధ్యలో కోచ్ ఒక క్లబ్ నుంచి మరో క్లబ్‌కు వెళ్లాడా?

అవును. డిసెంబరులో ఏటీకే మోహన్ బగాన్ కోచ్ ఆంటోనియో హబాస్ తప్పుకున్నారు. ఆ ఖాళీలోకి గోవా కోచ్ హువాన్ ఫెరాండో వచ్చారు. మోహన్ బగాన్ తేరుకుని మూడో స్థానంలో నిలిచింది. గోవా తొమ్మిదో స్థానానికి పడిపోయింది.

రిఫరీ పొరపడితే వీడియో చూసి సరిదిద్దే ఏర్పాటు లేదా?

లేదు. ఐఎస్‌ఎల్‌లో ఆ సీజన్‌లో వీడియో రిఫరీ విధానం వాడలేదు. మైదానంలోని రిఫరీ, లైన్ రిఫరీల మాటే చివరి మాట. అన్ని క్లబ్‌లూ ఏదో ఒక నిర్ణయంపై అసంతృప్తితోనే సీజన్ ముగించాయి.

లీగ్ దశ ముగిసేసరికి ఎవరెక్కడ ఉన్నారు?

జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో మొదటి స్థానం. హైదరాబాద్ 38తో రెండు, ఏటీకే మోహన్ బగాన్ 37తో మూడు, కేరళ బ్లాస్టర్స్ 34తో నాలుగు. ఈ నాలుగూ సెమీస్‌కు వెళ్లాయి. ఆ తర్వాత ముంబై సిటీ 31, బెంగళూరు 29, ఒడిశా 23, చెన్నయిన్ 20, గోవా 19, నార్త్‌ఈస్ట్ 14, ఈస్ట్ బెంగాల్ 11.

హైదరాబాద్ లెక్క: 11 విజయాలు, 5 డ్రాలు, 4 ఓటములు.

రెండు జట్లకు పాయింట్లు సమానమైతే ఏం చేసేవారు?

ఆ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచుల ఫలితాలను ముందు చూసేవారు. ఆ సీజన్‌లో ఆ అవసరమే రాలేదు. పదకొండు జట్లలో ఏ రెండింటికీ పాయింట్లు సమానం కాలేదు.

అడుగున నిలిచిన ఈస్ట్ బెంగాల్ కింది లీగ్‌కు దిగిపోయిందా?

లేదు. అప్పుడు ఐఎస్‌ఎల్ నుంచి కిందికి పంపే నియమం లేదు. ఈస్ట్ బెంగాల్ 20 మ్యాచుల్లో ఒక్కటే గెలిచినా తర్వాతి సీజన్‌లోనూ ఆడింది. ఐ-లీగ్ విజేతకు పైకి వచ్చే అవకాశం 2022-23 నుంచి ఇచ్చారు. అలా మొదట వచ్చింది పంజాబ్ జట్టు. కిందికి దిగే భయం లేని లీగ్‌లో సీజన్ చివరి నెల సగం జట్లకు ఊరికే గడిచిపోతుంది. ఇది అప్పట్లో మన లీగ్‌కున్న పెద్ద లోపమని నా అభిప్రాయం.

డిఫెండింగ్ ఛాంపియన్ ముంబై సిటీకి ఏమైంది?

బాగా మొదలుపెట్టి నడుమ తడబడింది. కోచ్ సెర్హియో లొబేరా వెళ్లాక డెస్ బకింగ్‌హామ్ వచ్చారు. సెమీస్ బెర్తు కోసం చివరిదాకా పోరాడినా మార్చి 5న హైదరాబాద్ చేతిలో 1-2తో ఓడి ఐదో స్థానంలో ఆగింది. ఆ ఓటమితో కేరళ బ్లాస్టర్స్‌కు సెమీస్ దారి తెరుచుకుంది.

## షీల్డ్, కప్పు, డబ్బు

జంషెడ్‌పూర్ మొదటి స్థానంలో ఉంటే ఛాంపియన్ హైదరాబాద్ ఎలా అయింది?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో రెండు బహుమతులుండేవి. లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచిన జట్టుకు లీగ్ విన్నర్స్ షీల్డ్ ఇచ్చేవారు. ఇది 2019-20లో మొదలైంది. ఆ సీజన్‌లో లీగ్ దశ తర్వాత తొలి నాలుగు జట్ల మధ్య ప్లేఆఫ్స్, అంటే సెమీస్, ఫైనల్ జరిగాయి; ఫైనల్లో గెలిచినవారికి ఐఎస్‌ఎల్ ట్రోఫీ. లీగ్ నిబంధనల్లో ఛాంపియన్ అంటే ట్రోఫీ గెలిచిన జట్టే. 2021-22లో షీల్డ్ జంషెడ్‌పూర్‌ది, ట్రోఫీ హైదరాబాద్‌ది.

ఏది గొప్పదన్న వాదన ఆగదు. ఇరవై మ్యాచుల నిలకడకు షీల్డే సరైన కొలమానమని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్లేఆఫ్స్ ఉంటాయని, కప్పు అక్కడే తేలుతుందని పదకొండు జట్లకూ మొదటి రోజునుంచే తెలుసు. ఆ నియమాల కిందే హైదరాబాద్ ఆడింది, గెలిచింది. దాన్ని సగం టైటిల్ అనడం సరికాదు.

జంషెడ్‌పూర్ షీల్డ్ ఎలా దక్కించుకుంది?

ఓవెన్ కోయిల్ శిక్షణలో ఆ జట్టు చివరి ఏడు లీగ్ మ్యాచులూ వరుసగా గెలిచింది. మార్చి 1న హైదరాబాద్‌ను 3-0తో ఓడించడం అందులో కీలకం. మార్చి 7న చివరి మ్యాచ్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను రిత్విక్ దాస్ గోల్‌తో 1-0తో ఓడించి షీల్డ్ ఖాయం చేసుకుంది. స్కాట్లాండ్‌కు చెందిన గ్రెగ్ స్టీవర్ట్ ఆ జట్టుకు ప్రాణం. సీజన్ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ అతడికే ఇచ్చారు.

ప్రైజ్ మనీ ఎంత?

మొత్తం 15.5 కోట్ల రూపాయలు. ఛాంపియన్‌కు 6 కోట్లు, రన్నరప్‌కు 3 కోట్లు, సెమీస్‌లో ఓడిన ఇద్దరికి చెరి 1.5 కోట్లు, షీల్డ్ విజేతకు 3.5 కోట్లు. షీల్డ్ మొత్తం అంతకు ముందు 50 లక్షలే. లీగ్ దశకు విలువ పెంచడానికి ఛాంపియన్, రన్నరప్ వాటాలు తగ్గించి షీల్డ్‌కు కలిపారు.

## సెమీస్, ఫైనల్

సెమీఫైనల్స్‌లో ఏం జరిగింది?

హైదరాబాద్, ఏటీకే మోహన్ బగాన్ మధ్య రెండు అంచెలూ బాంబోలిమ్‌లోనే జరిగాయి. మార్చి 12న తొలి మ్యాచ్‌లో రాయ్ కృష్ణ గోల్‌తో మోహన్ బగాన్ ముందంజ వేసినా ఒగ్బెచే, యాసిర్, సివేరియో గోల్స్‌తో హైదరాబాద్ 3-1తో గెలిచింది. రెండో అంచెలో రాయ్ కృష్ణ మళ్లీ గోల్ కొట్టడంతో 0-1తో ఓడింది. మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరింది. మరో సెమీస్‌లో కేరళ బ్లాస్టర్స్ 2-1 తేడాతో జంషెడ్‌పూర్‌ను ఇంటికి పంపింది.

ఫైనల్‌కు ప్రేక్షకులను రానిచ్చారా?

రానిచ్చారు. సీజన్ అంతా ఖాళీ స్టాండ్లతో సాగింది, మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్‌కు మాత్రం తలుపులు తెరిచారు. కేరళ నుంచి అభిమానులు వేలల్లో తరలివచ్చారు. హైదరాబాద్ మద్దతుదారులు వాళ్ల ముందు చిన్న గుంపే.

కేరళ జట్టు తమ పసుపు రంగు జెర్సీ ఎందుకు వేసుకోలేదు?

రెండు జట్ల రంగూ పసుపే కావడం వల్ల. లీగ్ పట్టికలో పైన నిలిచిన హైదరాబాద్‌కు సొంత రంగు దక్కింది, కేరళ నల్ల జెర్సీతో ఆడింది. స్టాండ్లలో మాత్రం కేరళ పసుపే కనిపించింది. టీవీలో మొదటిసారి చూసినవారు ఆ గోలంతా హైదరాబాద్ కోసమేనని పొరబడ్డారు కూడా.

ఫైనల్ ఎలా సాగింది?

మొదటి సగంలో కేరళదే పైచేయి. ఆ జట్టు కొట్టిన ఒక బంతి క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కి వచ్చింది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ఆధిక్యం సాధించింది. స్టేడియం దద్దరిల్లింది. సమయం కరిగిపోతున్నకొద్దీ హైదరాబాద్ కథ ముగిసినట్లే అనిపించింది.

88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ వెలుపల నుంచి గాల్లో ఉన్న బంతిని అలాగే బాదాడు. అది నేరుగా వలలో పడింది. అతడు గోవా కుర్రాడు. ఆ సీజన్ మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన గోల్ అదే. అదనపు సమయంలో గోల్స్ రాలేదు, 1-1తో షూటౌట్‌కు వెళ్లారు.

షూటౌట్‌లో ఎవరెవరు గోల్ చేశారు?

హైదరాబాద్ 3-1తో గెలిచింది. జువావో విక్టర్, ఖాసా కమారా, హాలిచరణ్ నర్జారీ గోల్ చేశారు. సివేరియో బంతి బార్ పైనుంచి పోయింది. కేరళ తరఫున ఆయుష్ అధికారి ఒక్కడే సఫలమయ్యాడు. లెస్కోవిచ్, నిషూ కుమార్, జీక్సన్ సింగ్ షాట్లను కట్టిమణి ఆపాడు. నిషూ కుమార్ షాట్‌ను ఆపినప్పుడు గోల్ లైన్ ముందే దాటాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. కట్టిమణి రెండోసారీ ఆపాడు. అస్సాంకు చెందిన నర్జారీ కిక్‌తో కప్పు ఖాయమైంది.

కట్టిమణికి ఆ మైదానంతో ఏదో పాత కథ ఉందంటారు, ఏమిటది?

లక్ష్మీకాంత్ కట్టిమణి గోవా వాసి. 2015 ఐఎస్‌ఎల్ ఫైనల్ ఇదే ఫటోర్డాలో జరిగింది, అప్పుడు అతడు గోవా గోల్‌కీపర్. 2-1 ఆధిక్యంలో ఉన్న గోవా 90వ నిమిషంలో గోల్ ఇచ్చుకుంది; అది రికార్డుల్లో కట్టిమణి సెల్ఫ్ గోల్‌గా నమోదైంది. ఆ వెంటనే చెన్నయిన్ మరో గోల్ కొట్టి 3-2తో కప్పు ఎగరేసుకుపోయింది. 2019లో అతడు హైదరాబాద్‌కు వచ్చాడు, అట్టడుగున నిలిచిన ఆ తొలి సీజన్‌లోనూ జట్టుతో ఉన్నాడు. ఆరేళ్లకు పైగా మోసిన బరువును అదే గడ్డమీద, అదే గోల్‌పోస్టుల మధ్య దించుకున్నాడు. గోల్‌కీపర్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

కేరళ అంతకు ముందు ఎన్నిసార్లు ఫైనల్లో ఓడింది?

రెండుసార్లు, 2014లో, 2016లో. రెండూ కోల్‌కతా చేతిలోనే. 2022ది మూడోది.

## తర్వాత ఏమైంది

కప్పు గెలిచినందుకు హైదరాబాద్ ఆసియా పోటీల్లో ఆడిందా?

ఆడలేకపోయింది, ఇది చాలామందికి తెలియదు. ఆ సమయంలో ఆసియా సమాఖ్య తన క్యాలెండర్ మార్చింది. దాంతో రెండు సీజన్ల విజేతలు ఒకే బెర్తు కోసం పోటీపడాల్సి వచ్చింది. 2023లో కోజికోడ్‌లో 2022-23 ఛాంపియన్ మోహన్ బగాన్‌తో ఏఎఫ్‌సీ కప్ (ఆసియా క్లబ్‌ల రెండో శ్రేణి పోటీ) అర్హత మ్యాచ్ జరిగింది, హైదరాబాద్ 1-3తో ఓడింది. షీల్డ్ గెలిచిన జంషెడ్‌పూర్‌ది కూడా ఇదే గతి. ఆసియా ఛాంపియన్స్ లీగ్ బెర్తు కోసం ముంబై సిటీతో ఆడి ఓడిపోయింది.

తర్వాతి సీజన్‌లో హైదరాబాద్ ఎలా ఆడింది?

బాగా ఆడింది. 2022-23లో 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు అంచెలూ 0-0, చివరికి షూటౌట్‌లో ఓటమి. గచ్చిబౌలిలో ఛాంపియన్ జట్టును కళ్లారా చూసే భాగ్యం అభిమానులకు దక్కింది ఆ ఏడాదే.

అంత మంచి జట్టు ఎలా చెదిరిపోయింది?

డబ్బు సమస్యలతో. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాల బకాయిలు పేరుకుపోయాయి. ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం విధించింది. ఆశిష్ రాయ్ 2022లోనే మోహన్ బగాన్‌కు వెళ్లాడు, 2023లో ఆకాశ్ మిశ్రా ముంబైకి, మార్కెజ్ గోవాకు మారారు. 2023-24 సీజన్ మధ్యలో విదేశీయులు దాదాపు అందరూ వెళ్లిపోయారు, జువావో విక్టర్ మాత్రం ఉండిపోయాడు. అనుభవం లేని కుర్రాళ్లతో ఆడి ఒక్కటే విజయం, 8 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచింది. కష్టకాలంలో మైదానంలో నిలబడిన ఆ కుర్రాళ్లను ఎవరూ తప్పుపట్టకూడదు. జీతం సమయానికి అందని చోట ఏ ప్రతిభా నిలవదు. మన దేశంలో క్లబ్‌లు పాడయ్యేది చాలావరకు అక్కడే.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు ఉందా?

ఆ పేరుతో లేదు. 2024లో క్లబ్ యాజమాన్యం బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. 2024-25లో జట్టు 12వ స్థానంలో నిలిచింది. 2025లో క్లబ్‌ను ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. 2021-22 టైటిల్ మాత్రం రికార్డుల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుమీదే ఉంది.

మరి తెలుగు నేలపై జాతీయ స్థాయి ఫుట్‌బాల్ చూడాలంటే ఎవరున్నారు?

శ్రీనిధి దక్కన్. 2021-22లో ఐ-లీగ్‌లోకి వచ్చిన ఈ క్లబ్ హైదరాబాద్ శివార్లలోని దక్కన్ అరీనాలో ఆడింది. 2022-23, 2023-24 సీజన్లు రెండింటిలోనూ ఐ-లీగ్ రన్నరప్‌గా నిలిచి, ఐఎస్‌ఎల్ గడప దాకా వచ్చి ఆగింది. గచ్చిబౌలి స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచులూ జరిగాయి: 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో మలేసియాతో 1-1 డ్రా అయిన స్నేహపూర్వక మ్యాచ్. ఆ మ్యాచుల్లో భారత జట్టు కోచ్‌గా గచ్చిబౌలి బెంచ్ మీద కూర్చున్నది మనోలో మార్కెజే.